వానకు నేసిన గొంగడి

నేను ఒక గొంగడిని. నల్ల గొర్రెల ఉన్నితో నేసిన, ముతకగా, బరువుగా ఉండి, కొత్తగా కప్పుకున్నవాళ్లకు ఒళ్లంతా దురద పుట్టించే గొంగడిని. అందంగా ఉన్నానని నన్నెవరూ అనలేదు. కానీ సిద్దిపేటకు ఆవల, రాళ్ల గుట్టల నడుమ ఉన్న మా ఊళ్లో, వానాకాలం గొర్ల వెంట పోయే మనిషి సద్దిమూట మరిచిపోయినా నన్ను మాత్రం మరిచేవాడు కాదు. ఆ గర్వం నాకు చాలాకాలం ఉండేది.

నన్ను పుట్టించిన చేయి ఒకటి కాదు. కడారి బీరయ్య తన మందను వాగులో కడిగి, ఎండలో ఆరనిచ్చి, ఉన్ని కత్తిరించాడు. అతని భార్య ఐలవ్వ అరుగు మీద కూర్చుని ఆ ఉన్నిని ఏకి, వడికి, నూలు తీసింది. ఆమె మేనమామ ఒకాయన చింతగింజల గంజి పట్టించి మగ్గం మీద నేశాడు. నేత నడుస్తున్నన్ని రోజులూ ఐలవ్వ వచ్చి మగ్గం పక్కన నిలబడేది.

"మామా, గట్టిగ కొట్టు. వాన సుక్క లోపటికి రావద్దు. ఆయనకు దగ్గు లేస్తది" అనేది.

"వానకే నేస్తున్న బిడ్డా. ఏనుగు తొక్కినా చినగొద్దంటె మాత్రం నాతోని గాదు" అని ఆయన నవ్వేవాడు.

అలా నేను వాన కోసం పుట్టాను. బీరయ్య నన్ను ఒక మూల మడిచి తల మీద తొడిగి, మిగతాదంతా వెనక్కి వదిలి నడిచేవాడు. వాన నా మీద పడి జారిపోయేది. తడిసి నేను రెండింతల బరువెక్కినా లోపల ఆయన వీపు వెచ్చగా ఉండేది. ఎండాకాలం చెట్టు నీడన నన్నే పరుచుకుని పడుకునేవాడు. అడవిలో గొర్రె ఈనితే పిల్లను నాలోనే చుట్టి ఇంటికి తెచ్చేవాడు. మనుషులు ఒకే వస్తువును చలికీ ఎండకూ పెళ్లికీ చావుకూ వాడుకుని, చివరికి దానికి వాసన వస్తుందని ముక్కు మూసుకుంటారు. నేను వాళ్లను తప్పు పట్టను. నాకు నిజంగానే వాసన వస్తుంది.

బీరయ్య ఒక జ్వరంతో పోయాడు. మందను అమ్మేశారు. ఐలవ్వ మాత్రం నన్ను ఎవరికీ ఇవ్వలేదు. రోజూ నన్ను పరుచుకుని పడుకునేది, పొద్దున లేచి నాలుగు మడతలు పెట్టి గూట్లో పెట్టేది. ఆమెకు ఒక్కతే కూతురు, స్వరూప. బాగా చదివింది, నర్సు అయింది. పట్నం నుంచి స్నేహితురాళ్లు వస్తున్నారంటే చాలు, నన్ను తీసి గడ్డివాము వెనక పెట్టేది. వాళ్లు పోయాక ఐలవ్వ నన్ను వెతికి తెచ్చుకునేది. ఇద్దరూ ఆ విషయం ఎన్నడూ మాట్లాడుకోలేదు.

స్వరూపకు పెళ్లయింది. భర్త రాజేందర్ మస్కట్‌లో పనిచేస్తాడు. పోయేటప్పుడు అతని సంచిలో పలచటి చొక్కాలు తప్ప ఏమీ లేవు; అక్కడ అవి కూడా బరువేనని ఫోనులో చెప్పేవాడు. పాప ఆద్యకు రెండో ఏడు నడుస్తుండగా స్వరూపకు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం వచ్చింది. ఊరంతా సంతోషించింది. తర్వాత ఉద్యోగం ఎక్కడో తెలిసింది. హిమాచల్ కొండల్లో, చలికాలం వస్తే దారులు మూసుకుపోయే ఒక లోయలో చిన్న ఆసుపత్రి. ఆ ఊరి పేరు ఐలవ్వకు చివరిదాకా నోరు తిరగలేదు. నాకైతే నోరే లేదు.

"పిల్లను ఎవలు జూస్తరే ఆడ?" అని ఐలవ్వే మొదట అడిగింది.

"అదే అర్థం గాట్లేదమ్మా."

"అర్థం గానీకి ఏమున్నది? నేనొస్త. నువ్వు కొలువు జూస్కో, నేను బిడ్డను జూస్త."

అంత సులభంగా తేలిపోయింది. జీవితంలో కరీంనగర్ దాటని మనిషి, పక్క ఊరి జాతరకు పోతానన్నట్టే చెప్పింది.

ఆ తర్వాత బట్టల గొడవ మొదలైంది. మనుషులు తెలియని చోటికి పోయేటప్పుడు భయాన్ని నేరుగా చెప్పుకోరు. ఎన్ని బట్టలు పెట్టుకోవాలి, ఏవి పెట్టుకోవాలి అని మాట్లాడుకుంటారు. నడింట్లో పెద్ద ఇనుప ట్రంకుపెట్టె తెరిచి పెట్టారు, పక్కన రెండు సూట్‌కేసులు. వచ్చినవాళ్లంతా అందులోకి తొంగిచూసి ఒక సలహా పడేసి పోయేవాళ్లు. బనీను మీద బనీను వేసుకుంటే చాలని ఒకరన్నారు. ఒంటికి ఆవనూనె రాసుకుంటే చలి దగ్గరికే రాదని ఇంకొకరన్నారు. వాళ్లలో మంచును చూసినవాడు ఒక్కడే, సైన్యంలో పనిచేసి వచ్చిన సుధాకర్.

"అక్కా, ఒక్కటే మందం స్వెటర్ కొని మురువకు" అన్నాడు అతను. "పొర మీద పొర ఏస్కోవాలె. అన్నిటికన్న లోపట ఒంటికి అతుక్కునేది ఉండాలె. కాళ్లు, చెవులు పైలం. నూలు బట్ట తడిసిందంటె మల్ల ఆరదు, సలి అండ్లకెళ్లే ఎక్కుతది."

స్వరూప శ్రద్ధగా విన్నది. హైదరాబాద్ పోయి పాపకు లోపలి బట్టలు, ఉన్ని మేజోళ్లు, చెవుల టోపీలు, ఉబ్బుగా ఉండే కోటు కొన్నది. తనకూ కొనుక్కుంది. తల్లికి ఒక గోధుమరంగు స్వెటరు, మంకీ క్యాపు, మేజోళ్లు, లోపల తొడుక్కునే వెచ్చని పంట్లాం తెచ్చింది. ఐలవ్వ స్వెటరును తడిమి చూసి బాగుందన్నది. మేజోళ్లు చూసి నవ్వింది. పంట్లాం చూసి మాత్రం ముఖం మాడ్చుకుంది.

"గిదేందే? మొగోళ్ల లాగు గాదే?"

"లోపట తొడుక్కోవాలెనమ్మా. పైన చీర కట్టుకుంటె ఎవలకు కనవడదు."

"నాకు కనవడ్తది గద. మీ నాయిన పోయినంక గూడ నేను ఎట్ల కట్టుకున్ననో గట్లనే కట్టుకుంటున్న. లాగు తొడిగి ముసల్దాన్ని ఏషం గట్టిస్తవా? నేను తొడగ."

"సలికి సస్తవే!"

"సస్తే సస్త. లాగు తొడుక్కోని మాత్రం సావ."

స్వరూప కాసేపు వాదించింది, కాసేపు అలిగింది. చివరికి విసుగొచ్చి ఆ పంట్లాం తన సూట్‌కేసులో ఒక మూలకు కుక్కింది. "నువ్వెట్లన్న ఇంట్లనే ఉంటవు గద, తియ్యి" అన్నది. ఇంట్లో ఉండే మనిషికి చలి తక్కువని ఆమె నిజంగానే నమ్మింది. అందుకే ఐలవ్వ సంచిలోకి నాలుగు నూలు చీరలు, రైకలు, ఆ స్వెటరు, మంకీ క్యాపు, మేజోళ్లు పోయాయి. అంతే.

నా విషయం ఇక్కడే వచ్చింది. ఐలవ్వ నన్ను తెచ్చి ట్రంకుపెట్టె ముందు పెట్టింది.

"గీ గొంగడెందుకే? కొత్త రగ్గులు కొన్న గద. బరువు, వాసన. ఆడ పెద్ద పెద్ద డాక్టర్లుంటరు, జూసి నవ్వుతరు."

ఐలవ్వ నన్ను తీసుకుపోయి గూట్లో పెట్టింది. బయలుదేరే రోజు, స్వరూప పాపకు స్నానం చేయిస్తుండగా, ట్రంకుపెట్టెలోని బట్టలన్నీ తీసి, అడుగున నన్ను పరిచి, మళ్లీ అన్నీ ఎట్లున్నవి అట్లా సర్దింది. మీద ఒకసారి అరచేత్తో తట్టింది. పసిపిల్లను పడుకోబెట్టి తట్టినట్టు.

రైలు, బస్సు, మళ్లీ బస్సు. పెట్టె అడుగున చీకట్లో నాకు తెలిసిందల్లా చల్లదనం ఒక్కటే. అది ఇనుములోంచి మెల్లగా దిగింది. మొదట మా ఊరి మాఘమాసమంత ఉంది. తర్వాత నాకు పోలిక దొరకలేదు.

వాళ్లకు ఇచ్చిన ఇల్లు ఆసుపత్రికి దగ్గరలోనే ఉంది. రెండు గదులు, చెక్క నేల, రేకుల కప్పు. తలుపు కింద నాలుగు వేళ్లు పట్టేంత సందు. పెట్టె ఖాళీ చేసినప్పుడు నేను బయటపడ్డాను. స్వరూప నన్ను చూసి తల్లి వంక చూసింది. ఐలవ్వ గోడ వంక చూసింది. అప్పటికే ఇద్దరి పళ్లూ టకటక కొట్టుకుంటున్నాయి. స్వరూప నన్ను తీసి తల్లి భుజాల మీద కప్పింది. అదే మొదటిసారి ఆమె నన్ను తన చేతులతో ఒకరికి కప్పడం.

మొదటి రోజులు సంబరంగానే గడిచాయి. ఐలవ్వ చీర ఉతికి తాడు మీద ఆరేస్తే, అది పొద్దెక్కేసరికి పలకలా గట్టిపడి నిలబడింది. ఆమె దాన్ని వేలితో కొట్టి చప్పుడు విని, పాపకు చూపించి పకపకా నవ్వింది. "సూడు బిడ్డా, చీరకు సత్తెమున్నది, నిలవడ్డది!" మడత పెట్టబోతే అది మడత దగ్గర పగిలింది. అప్పుడు నవ్వడం ఆపింది. రెండో చీర అంచులు మంచులో నాని, ఎప్పుడూ తడిగానే ఉండేవి. పాదాలు పగిలాయి. మేజోళ్లు తొడిగితే చెప్పులు పట్టవు, చెప్పులు తొడిగితే మేజోళ్లు పట్టవు. కాళ్ల నుంచి పైకి ఎక్కే చలికి మోకాళ్లు బిగుసుకుపోయేవి. స్వరూప రెండుసార్లు పంట్లాం తీసి చూపించింది. ఐలవ్వ రెండుసార్లూ నన్నే కాళ్లకు చుట్టుకుంది.

నేను నా శక్తికొద్దీ పనిచేశాను. కానీ ఇక్కడ ఒక నిజం చెప్పాలి. నేను ఆ చలికి చాలలేదు. నా నేతలో నీటిచుక్కను ఆపే బిగువు ఉంది. ఆ లోయ గాలిని ఆపే బిగువు లేదు. అది నా పోగు పోగుకూ మధ్య దారి వెతుక్కుని ఐలవ్వ ఒంట్లోకి దూరేది. ఆమె నన్ను ఇంకా దగ్గరికి లాక్కునేది. నేనున్నానన్న నమ్మకంతో ఇంకేమీ వేసుకునేది కాదు. నేను లేకపోయి ఉంటే కూతురి మాట వినేదేమో! ఆ ఆలోచన నాకు అప్పుడు రాలేదు. రానిచ్చుకోలేదు.

ఎదురింట్లో డోల్మా ఉండేది. నడివయసు మనిషి, రెండు ఆవులు, ఎప్పుడూ నవ్వే ముఖం. ఆమె మాట ఐలవ్వకు రాదు, ఐలవ్వ మాట ఆమెకు రాదు. ఒకనాడు డోల్మా వచ్చి నా కొంగు పట్టుకుని వేళ్ల మధ్య నలిపి చూసి, ఏదో అడిగింది. ఐలవ్వకు అర్థమైంది. ఉన్నిని అలా నలిపేవాళ్లు ఏం అడుగుతారో ఆమెకు తెలియదా! జవాబు చెప్పే మాట లేక, నోరు తెరిచి "మ్యా..." అని అరిచింది. డోల్మా ఒక్క క్షణం బిత్తరపోయి, తనూ "మ్యా..." అన్నది. పాప కూడా అందుకుంది. ముగ్గురూ గొర్రెల్లా అరుచుకుంటూ నవ్వి నవ్వి కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఆ చలిదేశంలో ఐలవ్వ నిజంగా వెచ్చగా ఉన్నది ఆ ఒక్క పూటేనని నాకనిపిస్తుంది.

తర్వాత పెద్ద మంచు పడింది. ఆగకుండా పడి దారిని కప్పేసింది. బస్సులు ఆగిపోయాయి. ఒక ఉదయం కరెంటు పోయింది, గదిలోని హీటరు చల్లబడింది. ఆసుపత్రికి పోతూ స్వరూప తలుపు దగ్గర ఆగి చెప్పింది.

"అమ్మా, బొగ్గుల కుంపటి డోల్మక్క ఇచ్చింది గద, బయట వరండల రాజేసి చేతులు కాపుకో. లోపటికి తేకు. తెచ్చినా కిటికి తెరిచి పెట్టు. ఇన్నవా?"

"ఇన్న పో. నేను కుంపటి ఎరుగనా?"

ఎరుగును. కానీ ఆమె ఎరిగిన కుంపటి వేరు. మా ఊరి ఇంట్లో పెంకుల సందుల్లోంచి ఆకాశం కనిపించేది. పొగ ఎటు పుట్టినా దానికి దారి ఉండేది. పొగ కమ్మితే ప్రమాదమని ఆమెకు తెలుసు. పొగ లేకుండా ఎర్రగా, అందంగా మండే నిప్పులో ప్రమాదం ఉంటుందని ఆమెకు ఎవరు చెప్పారు? స్వరూప ఏం చేయొద్దో చెప్పింది. ఎందుకు వద్దో చెప్పడానికి ఆమెకు ఆ ఉదయం తీరిక లేదు.

వరండాలో నిలబడలేనంత గాలి వీచింది. పాప దగ్గుతోంది. ఐలవ్వ బొగ్గులు బాగా కణకణలాడేదాకా బయటే ఆగి, పొగంతా పోయాక కుంపటిని చీరచెంగుతో పట్టుకుని లోపలికి తెచ్చింది. కిటికీ ఒక రెక్క తెరిచింది. మంచు తుంపర నేరుగా పాప పడుకున్న చోటికి కొట్టింది. మూసేసింది. ఇంకా చల్లగాలి ఎక్కడినుంచో వస్తోంది. చేయి చాపి వెతికింది. తలుపు కింద సందు దొరికింది.

ఆమె నన్ను భుజాల మీంచి తీసింది. తనకు చలేస్తున్నా తీసింది. పొడుగ్గా మడిచి, తాడులా చుట్టి, ఆ సందులో కుక్కి, మడమతో గట్టిగా తొక్కింది.

"ఇగ రమ్మను సలిని" అన్నది నాతో.

నేను ఆ సందులో బిగుసుకుపోయాను. తలుపు అవతల మంచు, ఇవతల నిప్పు. బయటినుంచి గాలి నన్ను తోసింది. నేను రానివ్వలేదు. ఇన్నాళ్లూ నా పోగుల మధ్యనుంచి దూరి ఐలవ్వను వణికించిన గాలి అది. మడత మీద మడత పడి, తొక్కుడుకు బిగిసి, ఇప్పుడు నేను దాన్ని ఆపగలిగాను. గది వెచ్చబడింది. పాప దగ్గు ఆగింది, నిద్రపోయింది. ఐలవ్వ పాప పక్కన కూర్చుని ఏదో పదం కూనిరాగం తీసింది. నా బతుకులో నేను అంత బాగా పనిచేసిన రోజు ఇంకొకటి లేదు.

కొంతసేపటికి పదం ఆగింది. ఐలవ్వ తల పట్టుకుంది. "పొద్దుగాల ఏం తినకపోతిని, కండ్లు తిరుగుతున్నయి" అని తనలో తానే అనుకుంది. లేచి రెండడుగులు వేసి మళ్లీ కూర్చుంది. పాపను దగ్గరికి లాక్కుని ఒరిగింది. నిప్పులు ఎర్రగా ఉన్నాయి. వాటి మీద సన్నటి నీలపు వెలుగు ఆడుతోంది. నాకు గాలి బాగా తెలుసు. వాన గాలి, ఎండ గాలి, మంద వాసనతో నిండిన గాలి అన్నీ తెలుసు. ఆ గదిలో గాలి మారిపోయిందని నాకు తెలిసింది. అది నన్ను ఇవతలినుంచి తాకుతోంది, బరువుగా, మందంగా. అవతల, నాకు జానెడు దూరంలో, కొండల నిండా చల్లటి మంచి గాలి ఉంది. అది లోపలికి రావడానికి నన్ను తోస్తూనే ఉంది. నేను సడలాలి. ఒక్క మడత సడలితే చాలు. నాకు చేతులు లేవు. నన్ను ఎట్లా తొక్కితే అట్లా ఉండడం తప్ప నాకు ఏమీ రాదు.

బయట అడుగుల చప్పుడైంది. డోల్మా. "అమ్మాజీ!" అని పిలిచింది. తలుపు తోసింది. గడియ పెట్టి లేదు, అయినా తలుపు కదలలేదు. నేను అడ్డం ఉన్నాను. మళ్లీ పిలిచింది. జవాబు లేదు. పాపతో పడుకుందనుకున్నదో ఏమో, తెచ్చిన వేడి టీ గిన్నెను గడప అవతల పెట్టి వెళ్లిపోయింది. ఆమె అడుగులు మంచులో కరకరమంటూ దూరమవుతుంటే విన్నాను.

ఆ తర్వాత లోపల ఏ చప్పుడూ లేదు.

ఎంతసేపో నాకు తెలియదు. డోల్మా ఆవులకు మేత వేయడానికి మళ్లీ బయటికి వచ్చింది. గడప ముందు పెట్టిన గిన్నె పెట్టినట్టే ఉంది, టీ గడ్డకట్టింది. అప్పుడామె పిలుపు మారింది. భుజంతో తలుపును గుద్దింది. మళ్లీ గుద్దింది. తలుపు నన్ను నేలమీద ఈడ్చుకుంటూ జానెడు తెరుచుకుంది. ఆ సందులోంచి చేయి దూర్చి, నా అంచు చిక్కించుకుని, బలమంతా పెట్టి లాగింది. నేను బయట మంచులో పడ్డాను. తలుపు బార్లా తెరుచుకుంది. ఆమె కేక విని నలుగురు పరిగెత్తుకొచ్చారు. ఒకరు పాపను, ఇద్దరు ఐలవ్వను ఎత్తుకుని నా మీంచి తొక్కుకుంటూ ఆసుపత్రి వైపు పోయారు. ఐలవ్వ చేయి వేలాడుతూ పోవడం చూశాను. అది బతికున్న చేయో కాదో నాకు తెలియలేదు. ఎవరూ వచ్చి ఒక గొంగడికి చెప్పరు కదా! మంచు నా మీద పడుతూ ఉంది. నేను అక్కడే ఉన్నాను.

మరునాడు స్వరూప ఇంటికి వచ్చింది. ముఖం రక్తం లేనట్టుంది. పాపకు బట్టలు తీసుకుపోవడానికి వచ్చినట్టుంది. పాపకు బట్టలంటే పాప బతికే ఉన్నట్టు! గడప దగ్గర ఆమె కాలికి నేను తగిలాను. వంగి నన్ను పైకెత్తింది. నేను ఇంకా తాడులా చుట్టుకునే ఉన్నాను, మడమ గుంట కూడా అట్లాగే గడ్డకట్టి ఉంది. ఆమె తలుపు కింది సందు చూసింది, నన్ను చూసింది. మెట్టు మీద కూలబడింది. నన్ను ముఖానికి ఆనించుకుని చాలాసేపు ఏడ్చింది. ఆ తర్వాత లేచి, ఒక్క ఊపున నన్ను వరండా కటకటాల మీంచి లోయ వైపు విసిరేసింది.

"అద్దంటిని గదనే! నిన్ను తేవద్దంటిని గద!" అని అరిచింది. నన్ను అన్నదో, తల్లినో, తననో నాకు తెలియలేదు.

నన్ను తెచ్చుకున్నది డోల్మా. వాళ్లలో ఉన్నిని ఎవరూ పారేయరు. మంచు దులిపి తన ఇంటి ముందు కంచె మీద ఆరేసింది. అక్కడినుంచి ఎదురింటి వరండా కనిపిస్తుంది. పాప తిరిగి వచ్చింది, కోటు వేసుకుని వరండాలో ఉరికింది. కొన్నాళ్లకు ఐలవ్వనూ తెచ్చారు. ఇద్దరు పట్టుకుని నడిపించారు. నా లోపల ఏముందో నాకు తెలియదు కానీ, అదంతా ఒక్కసారి కదిలింది.

అయితే వచ్చింది మొత్తం ఐలవ్వ కాదు. బొగ్గుల గాలి మెదడుకు ఎక్కిందనీ, కొందరికి నెలల్లో తగ్గుతుందనీ, కొందరికి తగ్గకపోవచ్చనీ స్వరూప వరండాలో నిలబడి ఫోనులో భర్తకు చెబుతుంటే విన్నాను. ఎండ వచ్చినప్పుడు ఐలవ్వను వరండాలో కుర్చీలో కూర్చోబెట్టేవాళ్లు. ఒకరోజు అక్కడే స్వరూప తల్లి కాళ్లు తుడిచి, ఆ పంట్లాం తెచ్చి, బెదురుతూ బెదురుతూ తొడిగింది. ఐలవ్వ ఒక కాలు ఎత్తింది, తర్వాత ఇంకో కాలు ఎత్తింది. పిల్లలు తొడిగించుకున్నట్టు తొడిగించుకుంది.

స్వరూప ఆమె మోకాళ్ల దగ్గరే కూర్చుండిపోయింది. "తిట్టవే అమ్మా" అన్నది. "లాగేందే అని ఒక్క మాట అను."

ఐలవ్వ ఎదురుగా కొండవాలు మీద పరుచుకున్న మంచును చూస్తోంది. "గిన్ని తెల్ల గొర్లు ఎవలియే?" అని అడిగింది.

స్వరూప కూడా అటే చూసింది. "మనయేనమ్మా" అన్నది.

"మనయి నల్లయి గద." ఐలవ్వ కళ్లు మెల్లగా తిరిగి డోల్మా కంచె మీదికి, నా మీదికి వచ్చి ఆగాయి. నేను ఊపిరి బిగబట్టినంత పనిచేశాను. "అగో, ఒకటున్నది. ఒక్కతే నిలవడ్డది పాపం. తోలుకరాపోయే బిడ్డా, సలికి సస్తది."

స్వరూప తలెత్తి నన్ను చూసింది. లోయలోకి విసిరేసిన నన్ను మళ్లీ చూడడం అదే మొదలు. ఆమె ముఖంలో కోపం లేదు. వచ్చి నన్ను తీసుకుపోతుందేమోనని ఆశపడ్డాను. నా మీద చేయి పడితే ఐలవ్వకు ఏదైనా గుర్తు వస్తుందేమోనని కూడా ఆశపడ్డాను. రావొచ్చు, రాకపోవచ్చు.

"తోలుకొస్త తియ్యే" అన్నది స్వరూప. రాలేదు.

దారులు తెరుచుకున్నాక ఆ ఇంటి వరండాలో మళ్లీ ట్రంకుపెట్టె తెరుచుకుంది. తల్లినీ పాపనూ ఊళ్లో దింపి, రాజేందర్ అక్కకు అప్పజెప్పి, స్వరూప తిరిగి రావాలని నిర్ణయమైంది. ఉద్యోగం వదిలితే మళ్లీ దొరకదు. కిందికి దిగితే ఎండలు. స్వరూప నూలు చీరలు పైకి తీసి, ఉన్ని బట్టలు పక్కకు పెట్టింది. ఐలవ్వ పక్కకు పెట్టినవన్నీ ఒక్కొక్కటే తెచ్చి మళ్లీ పెట్టెలో వేసింది. ఒంటిమీది స్వెటరు విప్పనివ్వలేదు.

"అమ్మా, మనూరికి పోతున్నమే. ఆడ ఉడుకపోస్తది."

"నాకు సలి" అన్నది ఐలవ్వ. స్వెటరు గుండీలు రెండు చేతులతో పట్టుకుంది. చివరికి ఆమెను అలాగే, మంకీ క్యాపుతో సహా, బస్సు ఎక్కించారు. ఆమె కిటికీలోంచి చూసింది. ఎవరిని చూసిందో తెలియదు. డోల్మా నోరు తెరిచి, "మ్యా..." అన్నది. బస్సు కదిలింది.

అంతే. ఐలవ్వను నేను మళ్లీ చూడలేదు.

ఇప్పుడు నేను డోల్మా ఆవుల కొట్టంలో ఉన్నాను. ఆ ఏడు పుట్టిన దూడకు మంచుకాలం మొదట్లోనే వణుకు పట్టుకుంటే, నన్ను రెండుగా మడిచి దాని వీపు మీద కప్పి, పొట్ట కింద తాడుతో కట్టింది. అది నా అంచులు నమిలేస్తుంటుంది. పేడ అంటుకుంటుంది. నా పాత వాసన మీద ఇంకో వాసన చేరింది. ఎవరూ ముక్కు మూసుకోరు.

ఒకనాడు స్వరూప కొట్టంలోకి వచ్చింది. ఈ కొండమనుషుల్లాగే పొర మీద పొర వేసుకుని, తలకు రుమాలు చుట్టుకుని ఉంది. వచ్చి దూడ పక్కన నిలబడింది. డోల్మాతో ఇక్కడి మాటల్లోనే మాట్లాడింది. తల్లి ఊళ్లో మండుటెండలోనూ స్వెటరు విప్పదట, వాకిట్లో కూర్చుని చలి చలి అంటుందట. పాప ఆమె పక్కన విసనకర్ర పట్టుకుని కూర్చుంటుందట. కొన్ని రోజులు మనుషుల్ని గుర్తుపడుతుందట, కొన్ని రోజులు పట్టదట.

డోల్మా వంగి తాడు ముడి విప్పబోయింది. తీసుకుపో అన్నట్టు చేయి ఊపింది.

స్వరూప తన చేతిని నా మీద పెట్టింది. వేళ్ల మధ్య నా పోగును పట్టుకుని నలిపింది. ఆమె వేళ్లు వాళ్లమ్మ వేళ్లలాగే ఉన్నాయి. నన్ను తీసుకుపొమ్మని అడగడానికి, తీసుకుపోవద్దని చెప్పడానికి, ఆనాటి సంగతిలో నా తప్పెంతో నాకే తెలియదని ఒప్పుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు. ఒక దూడ వెచ్చదనం మాత్రం ఉంది.

"ఉండనీ అక్కా" అన్నది స్వరూప. "దీనికి సలైతది." ఆ మాట మాత్రం తెలుగులోనే అన్నది. డోల్మాకు అర్థమైంది. ముడి మళ్లీ బిగించింది.

ఆమె వెళ్లిపోయింది. కొట్టం తలుపుకు పై పలక ఊడిపోయి చాలాకాలమైంది, డోల్మా బాగుచేయించలేదు. అందులోంచి రోజంతా గాలి వస్తూనే ఉంటుంది. దూడ పొట్ట నా కింద పైకి లేస్తుంది, దిగుతుంది, మళ్లీ లేస్తుంది. దిగిన ప్రతిసారీ, మళ్లీ లేచేదాకా, నేను కనిపెట్టుకుని ఉంటాను.